పడవలో ఇద్దరు: సముద్రంలో గాలం వేటపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈసారి అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం మిత్రుడితో కలిసి చిన్న పడవలో సముద్రం మీదికి వెళ్లి, వలతో కాక గాలంతో సరదాగా చేపలు పట్టాలనుకునేవారు రాసినవే. ఒకే సందేహం పలువురికి కలిగినచోట ఒక ఉత్తరాన్నే ఎంచుకొని సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: నా మిత్రుడు ఈ మధ్య ఒక చిన్న మోటారు పడవ కొన్నాడు. నదులలో, చెరువులలో గాలం వేసిన అనుభవం ఇద్దరికీ ఉంది గాని సముద్రం కొత్త. తీరం కనుచూపులో ఉండేటంత దూరంలోనే ఒక పగలు గడపాలనుకుంటున్నాము. గాలాలు, ఎరల సంగతి అలా ఉంచి, బయలుదేరే ముందు మేమిద్దరం ఏయే విషయాలు తేల్చుకోవాలో చెప్పగలరా?

సమాధానం: గాలాలను పక్కన పెట్టి ఈ ప్రశ్న అడగడమే మంచి ఆరంభం. పడవ మీ మిత్రుడిది కనుక నడిపేది ఆయన, గాలం పట్టుకొని కూర్చునేది మీరు అన్నట్లుగా పని దానంతట అదే విడిపోతుంది. ఇద్దరే ఉన్న పడవలో ఇంతకంటే ప్రమాదకరమైన ఏర్పాటు లేదని నా అభిప్రాయం. ఆయన కాలు జారి నీటిలో పడితే పడవ మీద మిగిలేది ఒక ప్రయాణికుడు మాత్రమే. అందువల్ల ఇంజన్‌ను నడపడం, న్యూట్రల్‌లోకి తేవడం, పడవను తిప్పి నీటిలోని మనిషి దగ్గరకు నిదానంగా చేర్చడం, లంగరు దించడం, రేడియోలో సాయం కోరడం మీరు కూడా ఒడ్డు దగ్గరి ప్రశాంతమైన నీటిలో ఒకసారి స్వయంగా చేసి చూడాలి. ఆయన పక్కన నిలబడి చూడాలే గాని మీ చేతిలోంచి చుక్కాని తీసుకోకూడదు.

ఇంజన్‌ను ఆపే తాడు ఒకటి ఉంటుంది. దాని ఒక కొసను నడిపేవారు తమ ఒంటికి తగిలించుకుంటే, వారు పడిపోయిన మరుక్షణం ఇంజన్ ఆగిపోతుంది. ఆ తాడు పడిన మనిషితో పాటే నీటిలోకి పోతుందని, అది లేకపోతే పడవలో ఉన్నవారు ఇంజన్‌ను మళ్లీ నడపలేకపోవచ్చునని చాలామందికి తట్టదు. అందుచేత అదనపు తాడు ఒకటి మీ చేతికి అందేచోట ఉండాలి. నీటిలో ఉన్న మనిషి వైపు గాలికి ఎదురుగా వస్తే పడవ అదుపులో ఉంటుంది. మనిషి పక్కకు రాగానే ఇంజన్‌ను ఆపివేయాలి, ఎందుకంటే పంకా రెక్కలు నీటి అడుగునే ఉంటాయి. తడిసిన బట్టలతో ఉన్న పెద్ద మనిషిని ఒక్కరే అంచు మీదుగా పైకి లాగడం దాదాపు అసాధ్యం. నీటిలోంచి అందుకొని దించుకోగల నిచ్చెన లేని పడవలో ఇద్దరే సముద్రం మీదికి వెళ్లడం నాకు సమ్మతం కాదు. లైఫ్ జాకెట్ గురించి ఒక్క మాట: పడవలో ఉన్న జాకెట్ లెక్కలోకి రాదు, ఒంటి మీద ఉన్నదే జాకెట్.

ఇక వాతావరణం. సూచనలో అలల ఎత్తు 1.5 మీటర్లు అని ఉంటే అది ఆ రోజు వచ్చే పెద్ద అల ఎత్తు కాదు. అలలలో పెద్దవైన మూడో వంతు అలల సగటు. అదే పూట దానికి రెట్టింపుకు దగ్గరగా ఉండే అల కూడా అప్పుడప్పుడు రావచ్చు. గాలి ఒక దిక్కు నుంచి, నీటి ప్రవాహం దానికి ఎదురుగా ఉన్నప్పుడు అలలు దగ్గర దగ్గరగా, నిటారుగా లేస్తాయి. ఉదయం నునుపుగా దాటిన నదీముఖం, పాటు (సముద్రపు నీరు వెనక్కి తీయడం) మొదలైన తరువాత అదే గాలికి భయపెట్టేలా మారడానికి కారణం ఇదే. చాలా తీరాలలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి బలపడుతుంది కనుక తెల్లవారుజామున బయలుదేరి, గాలి పెరగకముందే తిరిగి రావడం తెలివైన పని. ఇంధనంలో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగిలిన మూడో వంతు అనుకోని అవసరానికి అన్నది పడవలవారు పాటించే పాత లెక్క.

లంగరును ఎప్పుడూ అణియం (పడవ ముందు కొస) వైపు నుంచే దించాలి. ఇంజన్ బరువుతో అమరం (వెనుక కొస) అప్పటికే కిందికి ఉంటుంది. అటువైపు కట్టి ఆపితే ఎదురొచ్చే అల నేరుగా పడవలోకి ఎక్కుతుంది. లోతుకు అయిదు నుంచి ఏడు రెట్ల తాడు వదిలితేనే లంగరు నేలను పట్టుకుంటుంది. ఎక్కడికి వెళ్తున్నదీ, ఎన్ని గంటలకు తిరిగి వచ్చేదీ ఒడ్డున ఉన్న ఒకరికి రాసి ఇవ్వండి. వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఆపదకు, మొదటి పిలుపుకు కేటాయించినది 16వ చానల్ అని ఇద్దరికీ కంఠతా రావాలి.

చివరిగా ఒక ఒప్పందం: ఇద్దరిలో ఏ ఒక్కరు "వెనక్కి పోదాం" అన్నా కారణం అడగకుండా పడవను తిప్పాలి. ఈ ఒప్పందం ఒడ్డున ఉన్నప్పుడే జరగాలి. చేపలు పడుతున్న వేళ ఇలాంటి మాట ఎవరి చెవికీ ఎక్కదు.

ప్రశ్న: నాకు బస్సు ప్రయాణంలోనే వాంతులవుతాయి. మిత్రుడు మాత్రం "సముద్రం గాలి తగిలితే అన్నీ సర్దుకుంటాయి" అంటూ పడవ ఎక్కమని బలవంతం చేస్తున్నాడు. వెళ్లవచ్చా?

సమాధానం: గాలి తగిలినంత మాత్రాన సర్దుకోదు. లోపలి చెవి కదలికను ఒకలా చెబుతుంటే, కళ్లు మరొకలా చెబుతుండడం వల్ల ఈ బాధ కలుగుతుంది. దీనికి వాడే మందులు కడుపులో తిప్పడం మొదలైన తరువాత అంతగా పనిచేయవు. వైద్యుణ్ణి అడిగి, బయలుదేరడానికి తగినంత ముందుగా వేసుకోవాలి. చాలా మందులు మత్తు కలిగిస్తాయి కనుక ఆ రోజు మీరు చుక్కాని పట్టకూడదు. అంటే పై ఉత్తరానికి నేను చెప్పిన ఏర్పాటు మీ పడవకు సరిపోదు, పడవ నడపగల మూడో మనిషి అవసరం. పడవలో మధ్య నుంచి వెనుక భాగం వరకు ఊపు తక్కువగా ఉంటుంది. ఇంజన్ పొగ తగలని చోట, చూపును దిగంతం మీద నిలిపి కూర్చోండి. తల దించుకొని ముడులు వేయడం వాంతులకు దగ్గరి దారి; అందువల్ల గాలాలన్నీ ముందు రోజు సాయంత్రమే కట్టి పెట్టుకోవాలి. ఇంజన్ ఆపి అలలకు అడ్డంగా కొట్టుకుపోతూ వేటాడడం కంటే, పడవ నడుస్తుండగా ఎర లాగే ట్రోలింగ్ మీవంటివారికి కాస్త సుఖం. మొదటిసారి రెండు మూడు గంటలకు మించి ఉండవద్దు.

ప్రశ్న: మిత్రుడు చేపలను చూపించే సోనార్ పరికరం తెచ్చి పడవకు బిగించాడు. దానిమీదే కళ్లు పెట్టి గంటల తరబడి తిరుగుతాడు, చేపలు మాత్రం అంతంత మాత్రమే. అంత విశాలమైన నీటిలో ఎక్కడ వెతకాలి?

సమాధానం: సోనార్ తన కిందున్న నీటిని మాత్రమే చూస్తుంది. దాని కిరణం కోణం 20 డిగ్రీలనుకుంటే, 30 మీటర్ల లోతున అది చూడగల వలయం అడ్డకొలత పదిన్నర మీటర్లే. నేల తీరును, బండరాళ్లను, మునిగిన ఓడ శిథిలాన్ని గుర్తించడానికి అది అమూల్యమైనదే గాని, వెతికే పనంతా దానికి అప్పగిస్తే సముద్రం మీద కళ్లు మూసుకొని తిరిగినట్లే అవుతుంది.

తల ఎత్తి చూడండి. పక్షులు ఒకేచోట పదే పదే నీటిలోకి దూకుతుంటే, కింది నుంచి పెద్ద చేపలు చిన్న చేపలను పైకి తరుముతున్నాయని అర్థం. అటువంటి గుంపు మధ్య నుంచి పడవను నడిపితే చేపలు లోతుకు దిగిపోతాయి. అంచు వెంబడి చుట్టూ తిరుగుతూ ఎరను మాత్రమే గుంపు పక్కగా పోనివ్వాలి. మట్టి నీరు, నీలి నీరు కలిసే చోట ఒక గీతలా రంగు మారుతుంది, నురగ, చెత్త ఆ గీత వెంట చేరతాయి. చిన్న చేపలు అక్కడ గుమిగూడతాయి, వాటి వెనుక పెద్దవి వస్తాయి. సముద్రం మధ్య తేలే దుంగ ఒకటి కనిపించినా వదలకండి, డొరాడో చేపలకు దాని నీడ చాలు. డొరాడోలు గుంపుగా తిరుగుతాయి కనుక, గాలానికి పడిన ఒకదాన్ని కాసేపు నీటిలోనే ఉంచితే మిగిలినవి పడవ చుట్టూ ఆగుతాయన్నది అనుభవజ్ఞులందరికీ తెలిసిన కిటుకు.

అడుగున ఉండే చేపల కోసమైతే బండకు ప్రవాహం ఎదురయ్యే వైపున వేయండి. కొట్టుకొచ్చే ఆహారం కోసం చేపలు సాధారణంగా అటువైపే కాచుకొని ఉంటాయి. దీనికి పోటు పాటుల లెక్క తెలియాలి. చాలా తీరాలలో ఒక పోటుకూ తరువాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కనుక, ఈ రోజు చేపలు బాగా తిన్న సమయం రేపటికి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకు, పౌర్ణమికి దగ్గరి రోజులలో ప్రవాహం బలంగా ఉండి ఎర అడుగున నిలవదు, బరువైన సీసం కావాలి. అష్టమి ప్రాంతంలో నీరు మెత్తగా ఉంటుంది. నీరు పూర్తిగా నిలిచిన ఆ కొద్దిసేపు చేపలు కూడా మందకొడిగా ఉంటాయి. గాలాలు సరిచూసుకోవడానికి ఆ సమయం బాగుంటుంది.

ట్రోలింగ్‌లో కృత్రిమ ఎరలను 6 నుంచి 8 నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు 11 నుంచి 15 కిలోమీటర్ల వేగంతో లాగడం వాడుక. బతికున్న ఎర అయితే దాని ప్రాణం నిలిచేటంత మెల్లగా పోవాలి. ఇద్దరే ఉన్నప్పుడు మూడు దారాలకు మించి వదలవద్దు. అవి ఒకదానికంటే ఒకటి దూరంగా ఉండాలి, మలుపులు విశాలంగా తీసుకోవాలి. లేకపోతే మిగిలిన ఉదయమంతా చిక్కులు విప్పుకోవడంతోనే గడుస్తుంది.

ప్రశ్న: పెద్ద చేప పడితే పడవ పక్కదాకా లాగుతున్నాను గాని, చివరి క్షణంలో దారం తెంపుకొని పోతున్నది. నాది సన్నటి అల్లిక దారం. డ్రాగ్ ఇంకా బిగించమని మిత్రుడి సలహా. నాకెందుకో నమ్మకం కుదరడం లేదు.

సమాధానం: మీ అనుమానమే సరైనది. మీ మిత్రుడు చెప్పినట్లు చేస్తే చేప ఇంకాస్త ముందుగానే తెంపుకొని పోతుంది.

రీల్‌లోని డ్రాగ్ అన్నది దారం తెగకముందే జారిపోయేలా చేసే బ్రేకు. దాన్ని దారం తెగే బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య నిలపడం సాధారణ పద్ధతి. 15 కిలోల దారమైతే నాలుగైదు కిలోల లాగుడుకు రీల్ దారాన్ని వదలాలి. దీన్ని చేతి అంచనాతో కాక స్ప్రింగు తక్కెడతో, దారాన్ని రాడ్ వలయాలన్నిటి గుండా పోనిచ్చి, ఒడ్డునే కొలిచి పెట్టుకోవాలి. అంత తక్కువా అని మీకు అనిపించవచ్చు. కాని చేప పరుగెత్తి దారం చుట్ట సన్నబడిన కొద్దీ, బ్రేకు బిగింపు మారకపోయినా దారం మీద పడే లాగుడు పెరుగుతూ పోతుంది. చుట్ట అడ్డకొలత సగానికి తగ్గితే లాగుడు రెట్టింపవుతుంది. నీటిలో దూరంగా విల్లులా వంగిన దారాన్ని ఈడ్చుకుపోవడం వల్ల కలిగే బరువు దీనికి అదనం. అందుచేత చేప దూరంగా పరుగెత్తుతున్నప్పుడు కంగారుపడి బిగించడం దారాన్ని స్వయంగా తెంచుకోవడమే.

పడవ పక్కన జరిగేది వేరు. చేప దూరంగా ఉన్నప్పుడు దారం ఎంతో కొంత సాగుతుంది, రాడ్ వంగుతుంది, ఆ రెండూ దాని విదిలింపులను మింగేస్తాయి. దగ్గరకు వచ్చేసరికి బయట మిగిలిన దారం కొద్ది మీటర్లే. నైలాన్ దారం అప్పుడు కూడా కొంత సాగుతుంది గాని, అల్లిక దారానికి సాగే గుణం దాదాపు లేదు. పడవ నీడను చూసి బెదిరిన చేప ఒక్కసారిగా విదిలించుకుంటే ఆ దెబ్బంతా నేరుగా ముడి మీద పడుతుంది. కాబట్టి చేప కనిపించగానే డ్రాగ్‌ను కొద్దిగా సడలించండి, రాడ్‌ను మరీ నిటారుగా ఎత్తకండి. అలా ఎత్తితే భారమంతా సన్నని కొస మీద పడి రాడ్ విరుగుతుంది. అల్లిక దారానికి, గాలానికి మధ్య కొన్ని మీటర్ల మందపాటి నైలాన్ లేదా ఫ్లోరోకార్బన్ లీడర్ ఉండాలి. తెగిన కొసను పరిశీలించారా? అది చుట్టలు తిరిగి మెలికలు పడి ఉంటే ముడి జారిందని, నున్నగా తెగి ఉంటే పంటికో పడవ అంచుకో తగిలిందని సాధారణంగా చెప్పవచ్చు.

ఇక మీ మిత్రుడు చేయవలసిన పని సలహా ఇవ్వడం కాదు, పడవను సరైన చోట ఉంచడం. ఇంజన్ ఆపి కూర్చుంటే చేప పడవ కిందికి దూరి దారాన్ని పంకాకు చుడుతుంది. పడవ అతి మెల్లగా ముందుకు సాగుతూ, చేప ఎప్పుడూ అమరం మూలకు కాస్త దూరంగా ఉండేలా ఆయన తిప్పుతుండాలి. రెండో దారం అప్పటికే చుట్టి ఉండాలి. చేప అలసి పక్కకు ఒరిగాక ఆయన న్యూట్రల్‌లోకి తెచ్చి, చేతి తొడుగులతో లీడర్‌ను అందుకోవచ్చు. ఆ దారాన్ని చేతికి ఉచ్చులా బిగుసుకునేలా చుట్టకూడదు, వేళ్లు విప్పితే జారిపోయేలా పట్టుకోవాలి. పెద్ద చేప లీడర్ చుట్టుకున్న మనిషిని నీటిలోకి లాగేయగలదు. చేపను ఎత్తడానికి చేతి వల పట్టేవారు దాని తలవైపు నుంచి అందుకోవాలి. తోక వైపు నుంచి పట్టబోతే అది ఒక్క ఊపుతో ముందుకు దూసుకుపోతుంది.

ప్రశ్న: 40 మీటర్ల లోతు నుంచి లాగిన గ్రూపర్ చేపను చిన్నది కదా అని తిరిగి నీటిలో వదిలాము. అది మునగలేక వెల్లకిలా తేలుతూ పోయింది, నోట్లోంచి బెలూన్ లాంటిది బయటకు వచ్చింది. దాన్ని సూదితో పొడిస్తే బాగుపడుతుందని మిత్రుడు అన్నాడు. నిజమేనా?

సమాధానం: ఎంతమాత్రం పొడవకూడదు. నోట్లోంచి బయటకు వచ్చినది గాలి సంచి కాదు, చేప పొట్ట.

నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు సుమారు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. 40 మీటర్ల దగ్గర ఉన్నది ఉపరితలం మీది పీడనానికి అయిదు రెట్లు. అక్కడ చేప వాయుకోశంలో, అంటే గాలి సంచిలో, ఇమిడిన వాయువు పైకి వచ్చేసరికి అయిదు రెట్ల చోటు కోరుతుంది. ఆ ఒత్తిడికి పొట్ట నోటి గుండా బయటకు తన్నుకొస్తుంది, కళ్లు ఉబ్బుతాయి, చేప మునగలేదు. అన్ని చేపలకూ ఈ బాధ ఉండదు; వంజరానికీ, సొరలకూ వాయుకోశమే లేదు.

దీనికి మంచి ఉపాయం చేపను మళ్లీ లోతుకు చేర్చడమే. దవడను పట్టుకొనే కొక్కెం ఉన్న బరువైన పరికరాలు దొరుకుతాయి. వాటితో దించితే పీడనం పెరిగి వాయువు తిరిగి కుదించుకుంటుంది, తగిన లోతులో కొక్కెం వదిలేస్తుంది, చేప ఈదుకుంటూ పోతుంది. మెక్సికో సింధుశాఖలోని అమెరికా జలాలలో అడుగు చేపలను వేటాడేవారు ఇటువంటి పరికరాన్ని, లేదా వాయువును వదిలించే బోలు సూదిని పడవలో సిద్ధంగా ఉంచుకోవాలని 2022లో ఒక చట్టమే అమలులోకి వచ్చింది. ఆ సూదిని వాయుకోశంలోకి గుచ్చడానికి శరీర నిర్మాణం బాగా తెలియాలి. మీరు దించే పరికరాన్నే కొనండి. అంతకంటే ముఖ్యమైనది, లోతు నుంచి వరుసగా చిన్న చేపలే వస్తుంటే ఆ చోటు వదిలి కదలడం. వదిలేద్దాంలే అనుకుంటూ అక్కడే పట్టుకుంటూ కూర్చోవడం నాకు నచ్చని అలవాటు.

గుండ్రంగా లోపలికి వంగిన సర్కిల్ గాలం వాడితే చేప దాన్ని మింగినా అది సాధారణంగా దవడ మూలనే తగులుకుంటుంది. అయితే చెరువులో అలవాటైన కుదుపు ఇక్కడ పనికిరాదు. దారం బిగుసుకున్నాక నిలకడగా చుట్టడమే చేయాలి, కుదిపితే గాలం నోట్లోంచి ఊడి వస్తుంది. వదలదలచిన చేపను తడి చేతులతో, పొట్ట కింద ఆనిక ఇచ్చి పట్టుకోవాలి. ఎండకు కాలిన పడవ నేల మీద పడుకోబెట్టకూడదు. గాలం లోతుగా దిగితే పెకలించకుండా దారాన్ని దగ్గరగా కత్తిరించి వదిలేయడం మేలు.

ప్రశ్న: ఒక పెద్ద ట్యూనాతో పెనుగులాడుతుండగా నా చేతులు పట్టు తప్పి, కాసేపు రాడ్‌ను మిత్రుడికి ఇచ్చాను. తరువాత నేనే తీసుకొని పడవలోకి చేర్చాను. ఇప్పుడు అది ఎవరి చేప అన్న వాదన తెగడం లేదు. మీరు తీర్పు చెప్పాలి.

సమాధానం: స్నేహం వరకైతే ఇద్దరిదీ. రికార్డుల లెక్కలో ఎవరిదీ కాదు.

గాలపు వేట రికార్డులను నమోదు చేసే అంతర్జాతీయ గేమ్ ఫిష్ అసోసియేషన్ 1939లో ఏర్పడింది. దాని నియమాల ప్రకారం చేప ఎరను అందుకున్నప్పటి నుంచి చేతికి చిక్కేదాకా రాడ్‌ను గాని, రీల్‌ను గాని, దారాన్ని గాని మరొకరు తాకితే ఆ చేప రికార్డుకు పనికిరాదు. పెనుగులాడుతూ రాడ్‌ను పడవ అంచుకు ఆనించినా అంతే. పెరూలోని కాబో బ్లాంకో దగ్గర ఆల్ఫ్రెడ్ గ్లాసెల్ 1953 ఆగస్టు 4న పట్టిన 1,560 పౌండ్ల నల్ల మార్లిన్ ఈ నిబంధనలకు లోబడే రికార్డుకెక్కింది. కిలోలలో చూస్తే అది 707కు పైమాటే.

అయితే మిత్రుడు చేతులు కట్టుకొని కూర్చోవాలని ఆ నియమాలు చెప్పవు. ఆయన పడవను నడపవచ్చు, మీ భుజాలకు తగిలించుకున్న పట్టీలను సర్దవచ్చు, చేప దగ్గరకు వచ్చాక లీడర్‌ను పట్టుకోవచ్చు, గాఫ్ కొక్కెం వేయవచ్చు. చేతులు అలసిపోతే ఈసారి రాడ్‌ను ఇవ్వకుండా, నడుము పట్టీలోని గుంటలో దాని మొదలును నిలిపి కాళ్ల బలంతో లాగండి. నిజంగా రికార్డు మీద ఆశ ఉంటే పడవ మీద తూచిన బరువు చెల్లదని, ఒడ్డున ధ్రువీకరించిన తూకపు యంత్రం మీదే తూచాలని గుర్తుంచుకోండి. లీడర్‌తో పాటు కనీసం 50 అడుగుల అసలు దారాన్ని కూడా పరీక్షకు పంపవలసి ఉంటుంది కనుక, చేప తూకం ముగిసేదాకా ఆ దారాన్ని కత్తిరించి పారేయవద్దు.